న్యూట్రాన్ గ్రహణాన్ని మళ్లీ మళ్లీ ఎందుకు కొలుస్తారు? ఛత్రపురం విద్యార్థికి సమాధానం

మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో ముందు రాస్తాను. మీరు బరంపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నారు, సొంతూరు ఛత్రపురం. ప్రాజెక్టుకు న్యూట్రాన్ గ్రహణ క్రాస్ సెక్షన్ల కొలత అనే అంశం ఇచ్చారు. న్యూట్రాన్ గ్రహణం అంటే పరమాణు కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను తనలో కలుపుకోవడం. అది జరిగే అవకాశం ఎంతో ఒక వైశాల్యంగా చెప్పేది క్రాస్ సెక్షన్. మీకున్న సందేహాలు మూడు. విలువలన్నీ డేటాబేసుల్లో ఉండగా ప్రపంచమంతా వాటిని మళ్లీ ఎందుకు కొలుస్తోంది? రియాక్టర్లు కట్టేవారికీ, నక్షత్రాలను అర్థం చేసుకునేవారికీ ఒకే కొలత ఎలా పనికొస్తుంది? గంజాం జిల్లాలో ఉండి ఇందులో నిజంగా చేయగలిగిన పని ఏమైనా ఉందా? నాదీ ఆ తీరమే, నా ఉద్యోగ జీవితమంతా ఈ కొలతలతోనే గడిచింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషుగా చదువు సాగే మన పిల్లలకు ఈ విషయాన్ని తెలుగులో చెప్పేవారు తక్కువ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దాని జవాబు మీ ఊరి ఇసుకలోనే ఉంది.

ఛత్రపురం దగ్గర ఐఆర్‌ఈఎల్ సంస్థకు చెందిన ఆస్కామ్ కర్మాగారం తీరపు ఇసుక నుంచి ఇల్మెనైట్, రూటైల్, జిర్కాన్, గార్నెట్, సిల్లిమనైట్, మోనజైట్ ఖనిజాలను వేరు చేస్తుంది. ఒడ్డున మీరు చూసే నల్లటి చారల్లో ఎక్కువ భాగం ఇల్మెనైట్. న్యూట్రాన్ల పని చేసేవారికి మాత్రం జిర్కాన్, మోనజైట్ ముఖ్యం. జిర్కాన్‌లో జిర్కోనియం ఉంటుంది. రసాయనికంగా దాదాపు దాని కవల లాంటి హాఫ్నియం ఎప్పుడూ దానితోనే కలిసి ఉంటుంది, జిర్కోనియం బరువులో సుమారు 2 శాతం. రసాయన శాస్త్రవేత్తకు ఈ రెండింటినీ విడదీయడమే కష్టం. న్యూట్రాన్‌కు మాత్రం వాటి మధ్య తేడా అపారం. గది ఉష్ణోగ్రత వేగంతో, అంటే 0.0253 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో వచ్చే న్యూట్రాన్‌ను (దీన్నే ఉష్ణ న్యూట్రాన్ అంటారు) గ్రహించడానికి సహజ జిర్కోనియం క్రాస్ సెక్షన్ దాదాపు 0.185 బార్న్‌లు, హాఫ్నియంది దాదాపు 104 బార్న్‌లు. ఒక బార్న్ అంటే పది ఘాతం మైనస్ 24 చదరపు సెంటీమీటర్లు.

ఇప్పుడు కాగితం మీద ఒక చిన్న లెక్క వేయండి. బరువులో 2 శాతమంటే, హాఫ్నియం పరమాణువు జిర్కోనియం కంటే దాదాపు రెండింతలు బరువు కాబట్టి, పరమాణువుల లెక్కలో సుమారు ఒక శాతం. 104లో ఒక శాతం ఒక బార్న్ పైచిలుకు. అంటే నూటికి ఒక్క హాఫ్నియం పరమాణువు మిగతా తొంభైతొమ్మిది జిర్కోనియం పరమాణువులు కలిసి మింగే న్యూట్రాన్లకు అయిదింతలకు మించి మింగుతుంది. అలాంటి లోహంతో ఇంధన కడ్డీలకు తొడుగు చేస్తే రియాక్టరు న్యూట్రాన్లు వృథా అవుతాయి. అందుకే హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ ద్రావణి నిష్కర్షణ పద్ధతిలో హాఫ్నియంను తీసేసి, పది లక్షల భాగాల్లో వంద భాగాల కంటే దిగువకు తెస్తుంది. అప్పుడు లోహం మింగే న్యూట్రాన్లలో హాఫ్నియం వాటా మూడు శాతానికి పడిపోతుంది. ఇంత పెద్ద పరిశ్రమ నడుస్తున్నది రెండు క్రాస్ సెక్షన్ల తేడా మీద ఆధారపడి.

జిర్కోనియం న్యూట్రాన్లను ఎందుకు అంతగా వద్దంటుంది? సహజ జిర్కోనియంలో సగానికి పైగా జిర్కోనియం-90. అందులో న్యూట్రాన్లు సరిగ్గా 50. కేంద్రకంలో 50, 82, 126 న్యూట్రాన్లతో కర్పరాలు, అంటే శక్తి అంచెలు, నిండిపోతాయి. నిండిన కర్పరం మీద ఇంకొక న్యూట్రాన్ చేరాలంటే దొరికే బంధన శక్తి తక్కువ, చేరడానికి వీలైన స్థాయిలూ తక్కువ. కాబట్టి గ్రహణం బలహీనం. రియాక్టరు ఇంజనీరు జిర్కోనియంను ఎన్నుకున్న కారణమే ఖగోళ శాస్త్రంలో మరో రూపంలో కనబడుతుంది. వయసు మళ్లిన ఎర్రటి పెద్ద నక్షత్రాల లోపల ఇనుము లాంటి కేంద్రకాలు ఒక్కొక్క న్యూట్రాన్‌నే గ్రహిస్తూ, మధ్య మధ్య బీటా క్షయం చెందుతూ (అంటే లోపలి ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారుతూ), వేల ఏళ్లలో మెట్టు మెట్టుగా బరువెక్కుతాయి. దీన్నే ఎస్-ప్రక్రియ, అంటే నిదాన ప్రక్రియ అంటారు. గ్రహణం బలహీనంగా ఉన్న మెట్టు దగ్గర ప్రవాహం అడ్డుపడి పదార్థం పోగుపడుతుంది. స్ట్రాన్షియం, జిర్కోనియం ప్రాంతంలో ఒక శిఖరం, బేరియం దగ్గర ఇంకొకటి, సీసం దగ్గర మరొకటి ఏర్పడింది అలాగే. క్రాస్ సెక్షన్‌ను సమృద్ధితో, అంటే ఆ ఐసోటోపు ఎంత ఉందో ఆ పరిమాణంతో, గుణిస్తే పక్కపక్క ఐసోటోపులకు దాదాపు ఒకే విలువ రావాలి. ఎస్-ప్రక్రియలో మాత్రమే పుట్టే సమేరియం-148, సమేరియం-150 జంట ఈ లెక్కకు పాత పరీక్ష. ఈ సమేరియం కూడా మీ మోనజైట్‌లో ఉన్న అరుదైన మృత్తికా మూలకమే.

నక్షత్రంలో ఇది జరుగుతోందనడానికి రుజువు 1952లో పాల్ మెరిల్ చూపించాడు. కొన్ని ఎర్రటి నక్షత్రాల వర్ణపటంలో టెక్నీషియం గీతలు కనిపించాయి. టెక్నీషియంకు స్థిరమైన ఐసోటోపు లేదు. ఎస్-ప్రక్రియలో పుట్టే టెక్నీషియం-99 అర్ధాయువు రెండు లక్షల ఏళ్లకు కాస్త ఎక్కువ, నక్షత్రం వయసుతో పోలిస్తే క్షణం. అంటే అది అక్కడే, ఈమధ్యే తయారైంది.

అయితే రెండు రంగాలకూ కావలసింది ఒకే శక్తి దగ్గరి కొలత కాదు. మామూలు రియాక్టరుకు కావలసినది ఎలక్ట్రాన్ వోల్టులో నలభయ్యో వంతు దగ్గరి విలువ, ఆపైన కొన్ని ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి వేల దాకా ఉండే అనునాదాలు, అంటే గ్రహణం ఒక్కసారిగా పెరిగిపోయే శక్తులు. నక్షత్రంలో న్యూట్రాన్లు చుట్టూ ఉన్న వేడితో సమతుల్యంలో ఉంటాయి. అక్కడ ప్రామాణికంగా తీసుకునే ఉష్ణ శక్తి 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 35 కోట్ల డిగ్రీలు. ఆ వేడిలో న్యూట్రాన్ల వేగాలు ఎలా పంచుకుని ఉంటాయో చెప్పే మాక్స్‌వెల్ వితరణ మీద సగటు తీసిన క్రాస్ సెక్షనే ఖగోళ భౌతికులకు అసలు అంకె. ఫాస్ట్ రియాక్టర్లలోని న్యూట్రాన్లలో చాలా భాగం ఈ శక్తుల్లోనూ వీటికి పైనా ఉంటాయి. కాబట్టి ఒకే ప్రయోగంలో విశాలమైన శక్తి పరిధిని కొలవగలిగితే అందరికీ పనికొస్తుంది. అలా కొలిచేది టైమ్ ఆఫ్ ఫ్లైట్ పద్ధతి.

దాని సూత్రం సులభం. ఒక స్పందనలో (పల్స్‌లో) ఒకేసారి అన్ని శక్తుల న్యూట్రాన్లనూ పుట్టిస్తారు. తెలిసిన దూరంలో నమూనా పెట్టి, ఎంతసేపటికి వచ్చి గ్రహణం జరిగిందో చూస్తారు. సమయం తెలిస్తే వేగం, వేగం తెలిస్తే శక్తి. జెనీవాలోని సెర్న్‌లో ఎన్-టాఫ్ అనే కేంద్రం ఇలా పనిచేస్తుంది. దీని ఆలోచన కార్లో రుబ్బియాది, 2001 నుంచి కొలతలు సాగుతున్నాయి. ప్రోటాన్ల స్పందన సీసపు దిమ్మెను తాకి, ఒక్కో ప్రోటానుకు దాదాపు మూడు వందల న్యూట్రాన్లను వెలువరిస్తుంది. నమూనా 185 మీటర్ల దూరంలో ఉంటుంది. ఒక ఎలక్ట్రాన్ వోల్టు న్యూట్రాన్ అక్కడికి చేరడానికి 13 మిల్లీసెకండ్లు పడుతుంది, 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టులది 77 మైక్రోసెకండ్లలో చేరుతుంది. ఈ రెండు అంకెలను మీరే లెక్కగట్టి సరిచూసుకోండి. ఇంటర్మీడియట్ గతిశక్తి సూత్రం చాలు.

కష్టమంతా గ్రహణం జరిగిందని తెలుసుకోవడంలో ఉంది. న్యూట్రాన్‌ను గ్రహించిన కేంద్రకం కొన్ని మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల అదనపు శక్తిని గామా కిరణాల వరుసగా వదిలేస్తుంది. ఆ వరుస ప్రతిసారీ వేరు: ఒకసారి రెండు కిరణాలు, ఇంకోసారి అయిదు. డిటెక్టరు దక్షత ఈ వరుస మీద ఆధారపడితే మన అంకె తప్పుతుంది. దీనికి రెండు దారులున్నాయి. మొదటిది నమూనాను అన్ని వైపులా బేరియం ఫ్లోరైడ్ స్ఫటికాలతో మూసి, మొత్తం శక్తిని పట్టుకోవడం. ఎన్-టాఫ్‌లో అలాంటివి 40 స్ఫటికాలు, అమెరికాలోని లాస్ అలమోస్‌లో ఉన్న డాన్స్ అనే పరికరంలో 160. రెండో దారి నాకు ఎక్కువ ఇష్టం. చిన్న ద్రవ డిటెక్టరు పెట్టి, ప్రతి సంకేతానికీ గణితపరంగా ఒక బరువు కట్టి, దక్షత గామా శక్తికి అనుపాతంలో ఉండేలా చేస్తారు. అప్పుడు వరుస ఏదైనా, మొత్తం దక్షత మొత్తం శక్తి మీదే ఆధారపడుతుంది. ఆ మొత్తం మనకు ముందే తెలుసు: బంధన శక్తి, దానికి న్యూట్రాన్ తెచ్చిన శక్తి కలిపితే సరిపోతుంది.

ఆ ద్రవం కూడా మామూలు బెంజీన్ కాదు, హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం ఉన్న బెంజీన్. కారణం మళ్లీ గ్రహణ క్రాస్ సెక్షనే. హైడ్రోజన్‌ది 0.33 బార్న్‌లు, డ్యుటీరియంది దాని కంటే కొన్ని వందల రెట్లు తక్కువ. జిర్కోనియం-90 లాంటి నమూనాలో ఒక న్యూట్రాన్ గ్రహణం చెందితే, అంతకు ఎన్నో రెట్ల న్యూట్రాన్లు చెదిరిపోతాయి. చెదిరినవి డిటెక్టరులోనో, దాని గొట్టంలోనో, గదిగోడలోనో గ్రహణం చెంది గామా వదిలితే, అది నమూనా నుంచే వచ్చిందనుకుంటాం. పాత కొలతల్లో జిర్కోనియం, బేరియం, సీసం లాంటి వాటి విలువలు కొన్నిచోట్ల ఎక్కువగా రావడానికి ఇదొక పెద్ద కారణం. డిటెక్టరును కార్బన్ నారతో కట్టడం మొదలయ్యాక ఈ తప్పు బాగా తగ్గింది. మీ మొదటి ప్రశ్నకు ఇది సగం జవాబు. మిగిలిన సగం బంగారంలో ఉంది, దానికి ఎక్కువ చోటు ఇవ్వాలి.

చాలా కొలతల్లో న్యూట్రాన్లు ఎన్ని పడ్డాయో నేరుగా లెక్కపెట్టరు. నమూనా పక్కనే బంగారు రేకు పెట్టి, రెండింటినీ పోలుస్తారు. బంగారానికి ఒకే స్థిర ఐసోటోపు ఉంది. ఉష్ణ న్యూట్రాన్లకు దాని క్రాస్ సెక్షన్ 98.65 బార్న్‌లు. గ్రహణం తర్వాత పుట్టే బంగారం-198 అర్ధాయువు 2.69 రోజులు, వదిలే గామా 412 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, ఎవరైనా శుభ్రంగా లెక్కించగలరు. నక్షత్రపు శక్తుల వద్ద కొలవడానికి జర్మనీలోని కార్ల్‌స్రూహ్‌లో చక్కని ఉపాయం కనిపెట్టారు. లిథియం రేకు మీద 1912 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్లను వేస్తే వచ్చే న్యూట్రాన్ల వర్ణపటం 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నక్షత్రపు వర్ణపటాన్ని చాలా దగ్గరగా పోలి ఉంటుంది. చర్య మొదలయ్యే హద్దు 1881, అంటే హద్దుకు కాస్త పైన. ఆ న్యూట్రాన్లు అన్నీ ముందువైపు ఒక శంకువులో వస్తాయి. నమూనాను బంగారు రేకుల మధ్య ఇరికించి అక్కడ పెడితే చాలు, నక్షత్రపు సగటు విలువ దాదాపు నేరుగా చేతికొస్తుంది. మిల్లీగ్రాము నమూనాలతో కూడా పని జరుగుతుంది. షరతు ఒక్కటే, గ్రహణం తర్వాత పుట్టేది రేడియోధార్మికమై ఉండాలి.

1988లో రటిన్‌స్కీ, కెప్పెలర్ ఈ పద్ధతిలో బంగారపు విలువనే ఏ ఇతర ప్రమాణం మీదా ఆధారపడకుండా కొలిచారు. పుట్టిన ప్రతి న్యూట్రాన్‌కూ లిథియం రేకులో ఒక బెరీలియం-7 మిగులుతుంది. దాని క్షయాన్ని లెక్కిస్తే న్యూట్రాన్లు ఎన్నో తెలిసిపోతాయి. అన్ని కోణాల న్యూట్రాన్లకూ రేకు మందం ఒకేలా ఉండాలని బంగారాన్ని గోళాకారంలో వంచారు. ఆ శ్రద్ధ చూస్తే నాకు ఇప్పటికీ గౌరవం కలుగుతుంది. 30 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద వారి విలువ 582 మిల్లీబార్న్‌లు. దశాబ్దాల పాటు ఖగోళ భౌతిక కొలతలు దీనికే ముడిపడ్డాయి. తర్వాత ఎన్-టాఫ్‌లోనూ, బెల్జియంలోని గీల్‌లోనూ బంగారాన్ని టైమ్ ఆఫ్ ఫ్లైట్‌తో జాగ్రత్తగా కొలిస్తే విలువ దాదాపు 5 శాతం ఎక్కువ వచ్చింది. రియాక్టరు వాళ్ల అంతర్జాతీయ ప్రమాణ మూల్యాంకనం ముందు నుంచే చెబుతున్న విలువకు అది సరిపోయింది. అలా రెండు సముదాయాలు ఒకే లోహానికి రెండు అంకెలు వాడుతున్నాయని స్పష్టమైంది.

దాని ఫలితం ఊహించండి. బంగారంతో పోల్చి కొలిచిన ప్రతి విలువా అంతే మేరకు జరిగింది. అయితే ఎవరి పనీ వృథా కాలేదు. ఏ రేకు వాడారో, దానికి ఏ విలువ తీసుకున్నారో, వర్ణపటం ఏమిటో రాసిపెట్టిన ప్రతి ప్రయోగాన్నీ ఒక్క గుణకారంతో సరిదిద్దగలిగారు. రాయనివారి అంకెలు మాత్రం అంకెలుగానే మిగిలిపోయాయి, వాటిని వాడుకోవడానికి వీల్లేదు. డేటాబేసులో కనిపించే విలువ వెనుక ఇంకో మూడు విలువలుంటాయి: న్యూట్రాన్ల సంఖ్య, నమూనాలోని పరమాణువుల సంఖ్య, డిటెక్టరు దక్షత. వీటిలో ఏది మారినా అదీ మారుతుంది. నేను విద్యార్థుల దగ్గర పట్టుబట్టేది ఇదొక్కటే. మీ కొలతను రేపు మరొకరు సరిదిద్దడానికి వీలుగా రాయండి. విలువ ఎంత వచ్చిందన్నది దాని తర్వాతి మాట.

నమూనా గురించి రెండు మాటలు. అరుదైన మృత్తికల ఆక్సైడ్లు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. మన తీరంలో అయితే చెప్పనక్కరలేదు. పీల్చుకున్న నీటిలోని హైడ్రోజన్ న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించి చెదరగొడుతుంది, తూకం కూడా తప్పుతుంది. కాల్చి, ఆరబెట్టి, వెంటనే మూసివేయాలి. మందం కూడా గమనించాలి. బంగారానికి 4.9 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర ఒక బలమైన అనునాదం ఉంది. ఆ శక్తి న్యూట్రాన్లు కొద్ది మైక్రాన్ల లోతులోనే ఆగిపోతాయి, లోపలి పరమాణువులకు వాటి వాటా అందదు. సరిదిద్దకపోతే ఇది పెద్ద తప్పు. కానీ రేకును తగినంత మందంగా పెడితే ఆ శక్తితో వచ్చిన ప్రతి న్యూట్రానూ గ్రహణమైపోతుంది కాబట్టి, అదే అనునాదం ప్రయోగం మొత్తానికి కొలబద్ద అవుతుంది. ఎన్-టాఫ్‌లో దాన్ని అలాగే వాడతారు.

ఇక మోనజైట్. అందులో థోరియం ఉంది, మన దేశపు అణు కార్యక్రమంలో మూడో దశ ఆధారపడింది దాని మీదే. థోరియం-232 న్యూట్రాన్‌ను గ్రహిస్తే థోరియం-233 అవుతుంది. దాని అర్ధాయువు 22 నిమిషాలు. అది ప్రొటాక్టినియం-233గా, అది 27 రోజుల అర్ధాయువుతో యురేనియం-233గా మారుతుంది. ఈ యురేనియమే ఇంధనం. కల్పాక్కంలోని 30 కిలోవాట్ల కామిని రియాక్టరు నడుస్తున్నది దీనితోనే. ఉష్ణ న్యూట్రాన్లకు థోరియం గ్రహణ విలువ 7.35 బార్న్‌లు. కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి మిలియన్ల దాకా విలువలు ఇంకా మెరుగుపడాలి. ముంబైలోని బార్క్-టీఐఎఫ్ఆర్ పెలెట్రాన్ అనే కణ త్వరణ యంత్రంలో లిథియం మీద ప్రోటాన్లు వేసి, ఆ న్యూట్రాన్లతో థోరియం గ్రహణాన్ని చాలాసార్లు కొలిచారు. పద్ధతి అదే: థోరియం రేకు, ప్రమాణ రేకు, కలిపి వికిరణం, కొన్ని రోజుల నిరీక్షణ, ఆ తర్వాత ప్రొటాక్టినియం వదిలే 312 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామాను లెక్కించడం. థోరియంలో పుట్టుకతోనే ఉన్న క్షయ శ్రేణి 300 దగ్గరా 338 దగ్గరా తన గీతలు చూపుతుంది. సోడియం అయొడైడ్ డిటెక్టరు వాటిని విడదీయలేదు. జెర్మేనియం డిటెక్టరు తప్పనిసరి.

లిథియం న్యూట్రాన్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రోటాన్ శక్తి 2.37 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు దాటితే బెరీలియం-7 ఉత్తేజిత స్థితిలో మిగిలే దారి తెరుచుకుని, తక్కువ శక్తి గల రెండో గుంపు న్యూట్రాన్లు కలుస్తాయి. తక్కువ శక్తిలో గ్రహణం ఎక్కువ కాబట్టి ఆ కొద్దిపాటి గుంపే పెద్ద వాటా లాగేస్తుంది. దాన్ని తీసివేయడానికి వాడిన లెక్క ఒక్కో వ్యాసంలో ఒక్కోలా ఉంటుంది.

మీ మూడో ప్రశ్నకు వస్తాను. ఒక హెచ్చరికతో మొదలుపెట్టాలి: ఒడ్డు నుంచి ఇసుక తెచ్చి మోనజైట్ వేరు చేద్దామనుకోకండి. థోరియం 1962 నాటి అణుశక్తి చట్టం కింద నియంత్రిత పదార్థం, పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నమూనా ఎప్పుడూ అధీకృత సంస్థ నుంచే రావాలి.

మీ విభాగంలో అనుమతి ఉన్న అమెరీషియం-బెరీలియం న్యూట్రాన్ మూలం ఉంటే, పారాఫిన్ దిమ్మెలో నెమ్మదింపజేసి ఉష్ణ గ్రహణాన్ని మీరే కొలవవచ్చు. మూలం బలహీనం కాబట్టి ఇండియంతో మొదలుపెట్టండి. గ్రహణం తర్వాత పుట్టే ఇండియం-116 ఐసోమర్ (కొంతసేపు నిలిచే ఉత్తేజిత రూపం) అర్ధాయువు 54 నిమిషాలు, సోడియం అయొడైడ్‌తోనే లెక్క తేలుతుంది. ఆ తర్వాత మాంగనీస్. కెమిస్ట్రీ ల్యాబులోని పొటాషియం పర్మాంగనేట్ చాలు. మాంగనీస్-56 అర్ధాయువు 2.58 గంటలు, గామా 847 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. రేకును ఒకసారి ఊరికే, ఒకసారి కాడ్మియం తొడుగులో వికిరణం చేయండి. కాడ్మియం సుమారు అర ఎలక్ట్రాన్ వోల్టు కంటే తక్కువ శక్తి గల న్యూట్రాన్లను ఆపేస్తుంది. రెండు కొలతల తేడాయే ఉష్ణ భాగం. మాంగనీస్‌కు 13.3 బార్న్‌ల చుట్టూ విలువ రావాలి. రాకపోతే ఎందుకు రాలేదో వెతకడంలోనే మీ ప్రాజెక్టు తయారవుతుంది.

మూలం లేకపోతే కంప్యూటర్ చాలు, నా దృష్టిలో ఇది తక్కువ పని కాదు. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్వహించే ఎక్స్‌ఫోర్ సంకలనంలో ఇప్పటిదాకా జరిగిన ప్రయోగాల విలువలు ఉచితంగా దొరుకుతాయి. థోరియం-232 గ్రహణం ఎంచుకోండి, పది కిలో ఎలక్ట్రాన్ వోల్టుల నుంచి మూడు మిలియన్ల దాకా. ప్రతి ప్రయోగానికీ ఒక వరుస పెట్టి సంవత్సరం, న్యూట్రాన్ మూలం, పోల్చిన ప్రమాణం, ఆనాడు దానికి తీసుకున్న విలువ, వాడిన అర్ధాయువు, 312 గామాకు వాడిన తీవ్రత, ప్రకటించిన అనిశ్చితి నింపండి. తర్వాత ప్రమాణానికి నేటి విలువ పెట్టి ఒక్కొక్కటీ సరిదిద్ది, ముందు, తర్వాత అని రెండు పటాలు గీయండి. చెల్లాచెదురుగా ఉన్న చుక్కలు కొన్నిచోట్ల దగ్గరవుతాయి, కొన్నిచోట్ల కావు. దగ్గరవ్వని చోట్ల మొదట ఆ వ్యాసంలో రెండో గుంపు న్యూట్రాన్లను ఎలా తీసివేశారో చూడండి, తర్వాత నమూనా మందం చూడండి. పట్టికలో ఖాళీ గళ్లను ఊహతో నింపవద్దు, ఖాళీగానే ఉంచండి. మీ గైడుకు చూపించాక నాకూ పంపండి, 100 నుంచి 500 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల భాగాన్ని ముందు చూస్తాను.